రామానుజన్ మొదటి వ్యాసం వేసిన గణిత పత్రిక ఇంకా వస్తోందా? దాన్ని పెట్టిందెవరు?

వస్తోంది. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ వాళ్ల జర్నల్ అది. ఏడాదికి నాలుగు సంచికలని లెక్క, కానీ రెండేసి కలిపి జంట సంచికలుగా ఇస్తారు: జనవరి–జూన్‌కి ఒకటి, జులై–డిసెంబరుకి ఒకటి. అడిగింది అంతవరకే అయితే జవాబు అయిపోయినట్టే. కానీ మీరు ప్రశ్న కింద ఇంకో ముక్క తగిలించారు: “మన దేశంలో ఎవరూ పట్టించుకోని రామానుజన్‌ని కేంబ్రిడ్జి గణితజ్ఞుడు హార్డీయే కదా కనిపెట్టింది, మరి అంతకు ముందే ఇక్కడ వ్యాసం ఎలా వేశారు?” అని. ఈ ముక్క దగ్గర ఆగాల్సిందే.

“ఎవరూ పట్టించుకోలేదు” అనే కథ ప్రతి డిసెంబరు 22న, జాతీయ గణిత దినోత్సవం పేరుతో, కాలేజీ సభల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. టాక్సీ నంబరు 1729, నామగిరి అమ్మవారి కల, హార్డీ ఉత్తరం, ఈ మూడూ చెప్పి ఫొటోకి దండేసి దిగిపోతారు. తేదీలు మాత్రం ఒక్కరూ చూడరు. రామానుజన్ హార్డీకి మొదటి ఉత్తరం రాసింది 1913 జనవరి 16న. అప్పటికే ఈ పత్రికలో ఆయన ప్రశ్నలు 1911 నుంచీ పడుతున్నాయి. 1911 డిసెంబరు సంచికలో బెర్నూలీ సంఖ్యల (వరస సంఖ్యల ఘాతాల్ని కూడే సూత్రాల్లో వచ్చే భిన్నాలు) మీద 16 పేజీల వ్యాసం వచ్చింది. 1912లో ఇంకో రెండు చిన్న వ్యాసాలు పడ్డాయి. హార్డీ చేసింది చాలా గొప్ప పని, కాదనేవాళ్లు లేరు. కానీ ఆ ఉత్తరం రాసే స్థితికి ఆయన్ని తెచ్చింది నెలజీతాల మీద బతికే కొందరు లెక్కల పిచ్చోళ్లు చందాలేసుకుని నడిపిన పత్రిక.

పెట్టిందెవరంటే వి. రామస్వామి అయ్యర్. ఊరు మన గుత్తి. అవును, అనంతపురం జిల్లా గుత్తే. ఆయన గణితం ప్రొఫెసరు కాదు, అక్కడ డిప్యూటీ కలెక్టరు. 1906 డిసెంబరు 25న గుత్తి నుంచి తెలిసిన లెక్కల మిత్రులకి ఒక ఉత్తరం రాశారు. అందులోని పథకం చాలా చిన్నది. ఆరుగురు దొరికినా చాలు, మనిషికి ఏడాదికి 25 రూపాయలు చందా, మొత్తం 150 అవుతుంది, దాంతో ముఖ్యమైన విదేశీ గణిత పత్రికలు తెప్పిద్దాం, కొన్ని పుస్తకాలు కొందాం, ఒకరి తర్వాత ఒకరం చదువుకుని చివరికి ఒకచోట దాచిపెడదాం. పత్రిక నడపాలన్న ఊసు అక్కడ లేదు. చదవడానికి సరుకు దొరక్క మొదలైన వ్యవహారం ఇది. 25 రూపాయలు అంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరిన రామానుజన్ నెల జీతం 30 రూపాయలు. గుమాస్తా ఇంచుమించు ఒక నెల జీతం పెడితే గానీ ఏడాది సభ్యత్వం రాదు. అందుకే మొదట చేరినవాళ్లలో కాలేజీ లెక్చరర్లు, సర్కారు ఉద్యోగులే ఎక్కువ.

1907 ఏప్రిల్ 4న 20 మందితో సంఘం ఏర్పడింది. పేరు అనలిటిక్ క్లబ్. తర్వాత ఇండియన్ మ్యాథమెటికల్ క్లబ్, 1910కి వచ్చేసరికి సొసైటీ. మొదటి అధ్యక్షుడు మద్రాసు ఇంజినీరింగ్ కాలేజీలో గణితం చెప్పే బి. హనుమంతరావు. పుస్తకాలు పూనా ఫెర్గూసన్ కాలేజీలో. పత్రిక సంపాదకుడు ఎం.టి. నారాయణ అయ్యంగార్ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో. అంటే మెదడు గుత్తిలో, గ్రంథాలయం పూనాలో, అధ్యక్షుడు మద్రాసులో, ప్రూఫులు బెంగళూరులో. వీళ్లందరినీ కలిపింది రైలు తపాలా. మొదటి రెండేళ్లు ‘ప్రోగ్రెస్ రిపోర్టు’లనే పేరుతో సభ్యులకి కాగితాలు పంపారు. 1909లో అది పత్రికగా మారింది, రెండు నెలలకోసారి.

ఇప్పుడు నా అసలు మాట. ఈ పత్రిక గొప్పదనమంతా దాని ప్రశ్నల పేజీలో ఉంది. వ్యాసాలది ఆ తర్వాతి మాట. లండన్ నుంచి వచ్చే ఎడ్యుకేషనల్ టైమ్స్‌లో లెక్కల ప్రశ్నల శీర్షిక ఉండేది. రామస్వామి అయ్యర్ చదువుకునే రోజుల్లోనే దానికి రాసేవారు. ఇక్కడి పత్రికలోనూ అదే పద్ధతి పెట్టారు. ఎవరైనా ఒక ప్రశ్న పంపుతారు. దానికి వరస నంబరు వేసి, పంపినవాళ్ల పేరుతో అచ్చేస్తారు. పాఠకులు జవాబులు తపాలాలో పంపుతారు. మంచిది ఎంచి, అదే నంబరు కింద తర్వాతి ఏదో సంచికలో వేస్తారు. నంబర్లు ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలవ్వవు, పెరుగుతూ పోతాయి. 1911లో రామానుజన్ ప్రశ్న 289వది, 1919లో ఇంకో ప్రశ్న 1076వది. ఎనిమిదేళ్లలో ఏడువందల పైచిలుకు ప్రశ్నలు. అందులో రామానుజన్‌వి 58. డిగ్రీ లేనివాడు, వ్యాసం ఎలా రాయాలో తెలియనివాడు కూడా మూడు లైన్ల ప్రశ్న పంపగలడు. సంపాదకుడు ఒక్క చూపులో దాని సత్తా పట్టగలడు. అంతకన్నా చౌకైన ప్రవేశ పరీక్ష ఇంకోటి లేదు.

ఆ 289వ ప్రశ్ననే దగ్గరగా చూద్దాం. 3వ సంపుటి, 90వ పేజీ. విలువ కనుక్కోమన్నారు:

√(1+2√(1+3√(1+4√(1+…))))

దీనితోపాటే రెండోది: √(6+2√(7+3√(8+…))).

చేత్తో అచ్చులు పేర్చే కాలంలో వర్గమూలం గీత కింద ఇంకో గీత, దాని కింద మరోటి పేర్చడమే కంపోజిటరుకి పెద్ద శిక్ష. పాఠకులకీ శిక్షే అయింది. మూడు సంచికలు, అంటే ఆర్నెల్లు, ఒక్క జవాబూ రాలేదు. చివరికి 4వ సంపుటి 226వ పేజీలో రామానుజనే తన జవాబు ఇచ్చారు. మొదటిది 3, రెండోది 4.

దారి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. 3 అంటే √9, అంటే √(1+2×4). ఆ 4 అంటే √16, అంటే √(1+3×5). ఆ 5 అంటే √(1+4×6). ఇలా లోపలికి పోతూనే ఉండొచ్చు. రెండోదీ అంతే: 4 = √(6+2×5), 5 = √(7+3×6), 6 = √(8+4×7). మొదటిదాని వెనక ఉన్న సూత్రం ఇది: ఏ సంఖ్య వర్గంలోంచైనా 1 తీసేస్తే దానికి అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యల లబ్ధం వస్తుంది, తొమ్మిదో తరగతి సూత్రమే. దాన్ని పదే పదే వాడటమే మొత్తం కిటుకు.

ఇక్కడే ఒక గోతి ఉంది, ఇంటర్నెట్‌లో ఈ లెక్క చెప్పే వీడియోల్లో నూటికి తొంభై దీన్ని దాటేస్తాయి. ఇదే కిటుకుతో జవాబు 4 అని కూడా ‘నిరూపించొచ్చు’. 4 = √16 = √(1+2×7.5). 7.5 = √56.25 = √(1+3×18.4166…). ఇలా ఎంత లోపలికైనా పోవచ్చు, బయటికి కనిపించే ఆకారం అచ్చం మొదటిదే. మరి 3 ఒప్పు, 4 తప్పు ఎందుకయ్యాయి? లోపల మిగిలిపోయే సంఖ్యని చూడాలి. 3 వచ్చే దారిలో ఆ మిగులు 4, 5, 6, 7 అంటూ మెల్లగా పెరుగుతుంది. పైన అన్ని వర్గమూలాలు పడేసరికి దాని బలం చచ్చిపోతుంది. 4 వచ్చే దారిలో మిగులు 7.5, 18.4, 84.5, 1429 అంటూ ప్రతి మెట్టుకీ ఇంచుమించు వర్గమై ఎగురుతుంది. ఎన్ని మూలాలు వేసినా లొంగదు. దాన్ని కోసేసి 1 పెడితే విలువ మారిపోతుంది.

కాలిక్యులేటరు తీసుకుని చూసుకోండి. లోపల ఒక్కో మెట్టు చొప్పున పెంచుతూ కోస్తే 1, 1.732, 2.236, 2.560, 2.755, 2.867 వస్తాయి. 3 వైపు ఎక్కుతోంది, 4 వైపు పోయే సూచన లేదు. రామానుజన్ జవాబులో ఈ మిగులు సంగతి లేదు, అంటే నిరూపణ పూర్తి కాలేదు. ఇలాంటి మూలాల వరస ఎప్పుడు ఒక విలువ దగ్గర నిలబడుతుందో తేల్చే నియమాన్ని తర్వాత టి. విజయరాఘవన్ ఇచ్చారు. 1927లో కేంబ్రిడ్జి వాళ్లు వేసిన రామానుజన్ సంకలిత వ్యాసాల వెనక అనుబంధంలో అది దొరుకుతుంది.

జవాబు సరైనదే, నిరూపణ సగమే. ఆ సంపాదకుడికి ఎదురైన తలనొప్పి కూడా సరిగ్గా ఇదే. బెర్నూలీ వ్యాసం బెంగళూరుకీ మద్రాసుకీ మధ్య మూడు సార్లు తిరిగిందని చెబుతారు. రాత మరీ క్లుప్తం, పద్ధతులు మరీ కొత్త, మామూలు పాఠకుడికి అందదు అన్నది నారాయణ అయ్యంగార్ అభ్యంతరం. ఇప్పటి సంపాదకుడైతే ‘మా పత్రిక పరిధిలోకి రాదు’ అని రెండు లైన్ల మెయిల్ కొట్టి చేతులు దులుపుకునేవాడు. ఆయన తిప్పి పంపి తిరగరాయించారు. ఎనిమిది సిద్ధాంతాల్లో మూడింటికి నిరూపణ, రెండు వేరే వాటి నుంచి రాబట్టినవి, మూడు ఊహలుగానే, అలా అచ్చయింది.

అందులో ఒక తప్పు కూడా అచ్చయింది. సభల్లో దండలేసేవాళ్లు ఇది చెప్పరు. సరి స్థానంలోని బెర్నూలీ సంఖ్యని దాని స్థానం సంఖ్యతో భాగించి కనిష్ఠ రూపంలో రాస్తే లవం ప్రధాన సంఖ్య అవుతుందని ఆ వ్యాసంలో ఉంది. 12 దగ్గర లవం 691, సరిపోతుంది. 16 దగ్గర 3617, 18 దగ్గర 43867, రెండూ ప్రధాన సంఖ్యలే. 20 దగ్గర బోల్తా పడుతుంది: బెర్నూలీ సంఖ్య గుర్తు వదిలేస్తే 174611/330, 20తో భాగిస్తే 174611/6600. ఈ 174611 అంటే 283×617. మూడు ఉదాహరణలు చూసి నాలుగోదాన్ని నమ్మేయడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. పత్రిక పరువేమీ పోలేదు. ఆ తప్పుతో సహా వేసినందుకే ఆ మనిషి నలుగురి కంట్లో పడ్డాడు.

ఎవరి కంట్లో పడ్డాడో వరసగా చూడండి, అందరూ ఆ సొసైటీ మనుషులే. 1910లో రామానుజన్ నోటు పుస్తకాలు పట్టుకుని తిరుక్కోయిలూరు వెళ్లారు. రామస్వామి అయ్యర్ అప్పటికి గుత్తి నుంచి అక్కడికి బదిలీ అయ్యారు. అడిగింది తాలూకా ఆఫీసులో గుమాస్తా పని. ఆయన ఇవ్వలేదు. ఇంత తెలివిని రెవెన్యూ శాఖ అడుగు మెట్టు మీద నలిపేయడం ఇష్టం లేక, మద్రాసులో ఉన్న పి.వి. శేషు అయ్యర్ దగ్గరికి పంపారు. రామానుజన్ మొదటి ప్రశ్నల్ని పత్రికకి చేరవేసింది ఆ శేషు అయ్యరే. అక్కణ్ణుంచి ఆర్. రామచంద్రరావు దగ్గరికి. ఆయన నెల్లూరు కలెక్టరు, సొసైటీ పెద్దల్లో ఒకరు. కొంతకాలం నెలకి 25 రూపాయలు సొంత జేబులోంచి పంపారు. తర్వాత పోర్టు ట్రస్టు. అక్కడ పెద్ద లెక్కల అధికారి ఎస్. నారాయణ అయ్యర్, సొసైటీకి కోశాధికారి. ఇన్ని చేతులు పట్టి నడిపించాక “ఎవరూ పట్టించుకోలేదు” అంటే ఎలా? ఎఫ్.ఏ. (ఇప్పటి ఇంటర్ లాంటిది) పరీక్షలో లెక్కలు తప్ప మిగతావి పోయాయని పట్టించుకోనిది విశ్వవిద్యాలయం. ఆ కోపం దాని మీద చూపించండి, న్యాయం.

ఇంగ్లండు వెళ్లాక పెద్ద వ్యాసాలు అక్కడి పత్రికలకే ఇచ్చారు, అయినా దీన్ని వదల్లేదు. ఇంకా వెళ్లకముందు, 1913లో వేసిన ‘వృత్తానికి సమాన వైశాల్యం గల చతురస్రం’ ఒక్క పేజీ. π (పై) విలువకి బదులు 355/113 వచ్చేలా స్కేలు, కంపాసుతో నిర్మాణం. వృత్తం వైశాల్యం 1,40,000 చదరపు మైళ్లయితే చతురస్రం భుజంలో తేడా ఇంచుమించు ఒక అంగుళం అని ఆయనే రాశారు. లెక్క కట్టి చూసుకోండి, సరిగ్గా అంతే వస్తుంది. 1919లో బెర్ట్రాండ్ సిద్ధాంతానికి (1 కన్నా పెద్దదైన ఏ పూర్ణ సంఖ్యకైనా, దాని రెట్టింపుకీ మధ్య ఒక ప్రధాన సంఖ్య ఉంటుందన్నది) రెండు పేజీల నిరూపణ ఇచ్చారు. ఇప్పుడు రామానుజన్ ప్రధాన సంఖ్యలు అంటున్న 2, 11, 17, 29, 41 వరస దాని చివర్లో ఉంది. ఆయన పోయాక శేషు అయ్యర్, రామచంద్రరావు రాసిన నివాళులు 1920లో 12వ సంపుటిలో పక్కపక్కనే పడ్డాయి. మొట్టమొదటి జీవిత చరిత్ర సామగ్రి అదే.

ప్రశ్నల పేజీ సత్తా తెలియాలంటే 464వది చాలు, 1913 నాటిది. 2ని ఎన్నిసార్లు గుణించి 7 తీసేస్తే కచ్చిత వర్గం వస్తుంది? 3, 4, 5, 7, 15 సార్లకి వస్తుంది, ఇంకా ఉన్నాయేమో కనుక్కోండి అన్నారు. చివరిది చూడండి: 32768 – 7 = 32761, అంటే 181 వర్గం. ఇంకేమీ లేవని ట్రిగ్వే నాగెల్ నార్వే భాషలో నిరూపణ అచ్చేసింది 1948లో. అడిగాక 35 ఏళ్లకి. ఇవాళ సంఖ్యా సిద్ధాంతంలో దాన్ని రామానుజన్–నాగెల్ సమీకరణం అంటారు. మూడు లైన్ల ప్రశ్న అది.

తర్వాతి చరిత్ర వేగంగా చెబుతాను. 1927లో ఆర్. వైద్యనాథస్వామి సంపాదకుడయ్యారు. పత్రికని పూర్తిగా పరిశోధన వైపు తిప్పారు. 1933లో సొసైటీ ‘మ్యాథమెటిక్స్ స్టూడెంట్’ అని రెండో పత్రిక మొదలుపెట్టింది, సంపాదకుడు ఎ. నరసింగరావు. ప్రశ్నలు, బోధన వ్యవహారాలు దానికి పోయాయి. 1934 నుంచి జర్నల్ కొత్త శ్రేణిగా మళ్లీ 1వ సంపుటితో మొదలైంది. స్థాయి పెరిగింది, నిజమే. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన మీనాక్షిసుందరం 1953లో రీమానియన్ మానిఫోల్డ్‌ల మీద రాసిన వ్యాసం అందులోదే. 1956లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జరిగిన జీటా ప్రమేయాల గోష్ఠి తర్వాత ఆట్లే సెల్బర్గ్ వ్యాసం వచ్చింది కొత్త శ్రేణి 20వ సంపుటిలో, 47 నుంచి 87వ పేజీ దాకా. ప్రపంచమంతా సెల్బర్గ్ ట్రేస్ ఫార్ములా అని వాడేది దాన్నే. ఇంత సరుకు వేసిన పత్రికే, అయినా ప్రశ్నల పేజీని వేరు చేయడం నాకు నచ్చదు. పరిశోధన చదివేవాడూ ప్రశ్న పంపే కుర్రాడూ ఒకే సంచిక తెరిచే రోజులు అలా పోయాయి.

మీరు చివర్లో “ఇప్పుడు అందులో వేస్తే విలువ ఉంటుందా” అన్నారు. ఉంటుంది. గణిత వ్యాసాల్ని జాబితా కట్టే డేటాబేసులు మ్యాథమెటికల్ రివ్యూస్, జెడ్‌బీమ్యాథ్ రెండూ దాన్ని నమోదు చేస్తాయి. మన లెక్చరర్ల బాధ వేరు: ప్రమోషన్ పాయింట్ల కోసం ఫీజు కట్టించుకుని వారంలో అచ్చేసే ‘అంతర్జాతీయ’ జర్నళ్ల వెంట పడతారు. నమ్మదగిన పత్రికల పేర్లు చెప్పే యూజీసీ కేర్ జాబితా కూడా 2025లో ఎత్తేశారు కాబట్టి, ఏది మంచిదో ఎవరికి వాళ్లే చూసుకోవాలి. పత్రిక పేరు ఆ రెండు డేటాబేసుల్లో వెతకండి. సంపాదక వర్గంలో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల విశ్వవిద్యాలయం పేజీలో ఈ పదవి ప్రస్తావన ఉందో లేదో చూడండి. వ్యాసం అందిన తేదీకీ ఆమోదించిన తేదీకీ మధ్య పది రోజులే ఉంటే పారిపోండి. గణిత వ్యాసాన్ని నిజంగా చదివిన రిఫరీ నెలల తరబడి సమయం తీసుకుంటాడు. పెద్ద వ్యాసం లేకపోతే ‘మ్యాథమెటిక్స్ స్టూడెంట్’ ప్రశ్నల విభాగానికి ఒక ప్రశ్న పంపండి, జవాబు మీ దగ్గర పూర్తిగా ఉంటేనే.

పాత సంపుటాలు వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. రెండు శ్రేణులు ఉన్నాయి కాబట్టి ‘3వ సంపుటి’ అంటే 1911దీ కావచ్చు, 1930ల చివరిదీ కావచ్చు. సంవత్సరం లేకుండా ఉటంకిస్తే లైబ్రరీలో తప్పు అట్ట చేతికొస్తుంది. కొత్త శ్రేణి అయితే ఆ ముక్క విధిగా రాయాలి. పాత ప్రశ్న ఏదైనా కావాలంటే రెండు సంపుటాలు అడగండి, ప్రశ్న ఒకదాంట్లో, జవాబు ఇంకోదాంట్లో ఉంటుంది. రామానుజన్ ప్రశ్నల వరకైతే ఆ శ్రమ అక్కర్లేదు, 1927 సంకలనంలో నంబర్లతో సహా ఒకేచోట వేశారు.